పిల్లల కథలో ఇల్లు కట్టడం ఎలా?

కావలిలో బంధువుల ఇంట ఒక సాయంత్రం పిల్లలకు కథ చెబుతూ, రాక్షసుడు వస్తున్నాడని తెలిసి చిన్నమ్మి వెనక గదిలో దాక్కుందని నేను అన్నానో లేదో, ముందు కూర్చున్న ఆరేళ్ల పిల్లవాడు "ఆ గదికి తలుపు యాడుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కథలో ఇల్లు ఉన్నది గాని, దానికి నేను గోడలు కూడా లేపలేదు. పిల్లల కోసం కథ రాయదలచినవారు పాత్రలకు పేర్లు పెట్టే ముందే ఇంటి ప్లాను గీసుకోవాలని ఆనాటి నుంచి నా అభిప్రాయం.

మొదట కథ ఏ ఊళ్లో జరుగుతుందో తేల్చుకుని, ఆ చుట్టుపట్ల దొరికే సరుకుతోనే ఇల్లు కట్టాలి. సముద్రపు ఒడ్డు పాలెంలోని తాటాకు ఇల్లయితే నడుమ నిట్రాడు నిలబడి ఉంటుంది, చూరు బాగా కిందికి దిగి ఉంటుంది; పెద్దవాళ్లు నడుం వంచి దూరే వాకిట్లో పిల్లలు నిటారుగా పరుగెత్తుతారు. ఆ ఒక్క వాక్యం రాస్తే చాలు, ఇల్లు పిల్లల సొంతమైపోతుంది. మార్కాపురం వైపు కథయితే నేల మీద పలకరాయి పరవండి. బడిపిల్లల చేతికి పలకగా వచ్చిన రాయీ, ఇంట్లో కాళ్ల కింద పరిచే బండా ఒకటే కనుక, పలక పగలగొట్టుకుని ఏడుస్తున్న పిల్ల బలపం తీసుకుని వంటింటి గుమ్మం దాకా నేలంతా అక్షరాలు దిద్దుకుంటూ పోవచ్చు. అలాంటి సంగతి ఊహించి తెచ్చిపెట్టేది కాదు, రాయే ఇస్తుంది.

ఆ తరువాత చేయవలసిన పని, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ ఇంట్లోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో నిర్ణయించడం. మన కథల్లో ఇందుకు రెండు కొసలు ఉన్నాయి. ఒకటి పేదరాశి పెద్దమ్మ ఇల్లు: రాజకుమారుడు ఏ పట్నం చేరినా పొద్దుగూకే వేళకు ఆమె ఇంటికే వెళతాడు, పూటకూడు తిని, ఆ ఊరి రహస్యాలన్నీ విని పడుకుంటాడు, ఆ ఇంటి గోడలు ఎలా ఉంటాయో ఏ కథా చెప్పదు, చెప్పవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే అక్కడ పెద్దమ్మే ఇల్లు. రెండోది ఒంటిస్తంభం మేడ: కట్టడమంతా కళ్లకు కడుతుంది గాని లోపలికి దారి ఉండదు. మీ కథలోని ఇల్లు ఈ రెండింటి నడుమ ఎక్కడ నిలుస్తుందో చూసుకోండి. అరుగు ఉంటే బాటసారి అడగకుండానే కూర్చోవచ్చు, గడప దాటాలంటే మాత్రం లోపలి నుంచి పిలుపు రావాలి. పెంచలకోన నరసింహస్వామికి మొక్కే ఇళ్ల పిల్లలకు గడప సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇంటా బయటా చావు లేదని వరం పొందిన హిరణ్యకశిపుడిని స్వామి ఆ రెండూ కాని గడప మీదనే చంపాడని వాళ్లు విని ఉంటారు. కథ మలుపు తిరిగే చోటు కోసం వెతుక్కునే రచయితకు అంతకన్నా మంచి చోటు దొరకదు.

పెద్దల చెయ్యి అందని చోటు కూడా ఒకటి వదలండి: అటక, గాదె కింద సందు, ఏదైనా సరే.

ఇల్లు కుదురుకున్నాక దానికి ఒక ఆపద తేవాలి. 1989 నవంబరులో వచ్చిన కావలి తుపాను గురించి మా నెల్లూరు జిల్లా ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. వారిని అడిగి తెలుసుకుని రాయండి. అయితే పిల్లల కథలో ఇల్లు మొత్తం కొట్టుకుపోకూడదని నా పట్టుదల. కప్పు ఎగిరిపోయినా నిట్రాడు మిగలాలి, దానికి వేలాడే ఉట్టి అయినా మిగలాలి, తిరిగి వచ్చిన పిల్ల దాన్ని చూసి తన ఇంటి చోటు గుర్తుపట్టాలి. మనుషుల ఇల్లు వద్దనుకుంటే, 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన మన నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు (పెలికన్ పక్షులు) కట్టుకునే గూళ్లను చూడండి. తలుపు లేని ఆ ఇంటికి సంచి ముక్కు తల్లిపక్షి పిల్లల కోసం చేపలు మింగి తెచ్చే ఆకాశమే వాకిలి.

చివరగా, కథను ఒక పిల్లకు చదివి వినిపించి, కాగితమిచ్చి ఆ ఇంటి బొమ్మ గీయమనండి. మీరు మాత్రం నోరు మెదపకూడదు. వెనక గదికి ఆ పిల్ల తలుపు పెట్టకపోతే, కథలో ఆ గది వచ్చే పేరాను మళ్లీ రాయాలి.