కోరింగలో మొదటి నడకకు రికార్డర్ వద్దు

ప్రకృతి చప్పుళ్లతో ప్రయోగాలు చేయాలనుకునేవాళ్లు ముందు ఏ మైక్ కొనాలని అడుగుతారు. కోరింగ వెళ్లి ఒకసారి ఖాళీ చేతులతో నడిచి రమ్మంటాను నేను. కాకినాడ దగ్గరి ఈ మడ అడవిలో చెక్క వంతెన మీద నడవొచ్చు. జనం రాకముందే వెళ్లండి. పోటు, పాటు వేళలు పడవవాళ్లకు బాగా తెలుసు, వాళ్లనడిగి నీళ్లు తీసే సమయానికి చేరుకోండి.

మీ అడుగుల చప్పుడు మీకే అడ్డు రానంత మెల్లగా నడవాలి. నైలాన్ బట్టలు రాసుకుని గరగరమంటాయి, నూలువి వేసుకోండి. పది అడుగులకోసారి ఆగండి. దగ్గర్లో ఏం మోగుతోంది, దూరంగా ఏం మోగుతోంది, ఆగకుండా మోగేదేంటి? మనసులోనే విడదీసుకోండి.

నీళ్లు తీశాక వంతెన మీదే కూర్చుని బురద వైపు చెవి పెట్టండి. పీత కన్నాల దగ్గర, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడచెట్ల ఊపిరి వేళ్ల మధ్య, బుడగలు సన్నగా చిట్లుతుంటాయి. ఒకటి ఇక్కడ, కాసేపాగి మూడు అక్కడ. ఏ డ్రమ్ మెషీన్‌కీ రాని లయ అది. నాకు కోరింగ అంటే ఇదే. దయచేసి బురదలోకి దిగొద్దు.

రెండోసారి వెళ్లినప్పుడు రికార్డర్ తీయండి. అదురును కరెంటు సంకేతంగా మార్చే పలుచని బిళ్ల, పీజో డిస్క్‌కి వైర్లు అతికించి, బెలూన్‌లో పెట్టి, మూతి గట్టిగా బిగించి నీళ్లలోకి వదలండి. దాన్ని నేరుగా రికార్డర్‌కి కలిపితే బేస్ పోయి రేకు డబ్బా మోత వస్తుంది, మధ్యలో ప్రీయాంప్, అంటే సంకేతాన్ని పెంచే చిన్న పరికరం, ఉండాలి. మడ నీళ్ల అడుగున పోపులో ఆవాల్లా చిటపటలు వినిపిస్తే అవి పిస్టల్ రొయ్యలవి. డెక్క టక్కున మూసినప్పుడు పుట్టిన బుడగ కుప్పకూలుతుంది, ఆ చప్పుడే అది. 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 96 వేల నమూనాలతో, రికార్డ్ చేసుకోండి. వేగం సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి (ఆక్టేవ్) దిగుతుంది, చిటపటలు బరువైన దెబ్బలవుతాయి.

ఈలోగా ఇంజన్ పడవ వస్తుంది. రికార్డింగ్‌లోంచి దాని చప్పుడు కోసి పారేయకండి. కెనడా స్వరకర్త హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1989లో వాంకూవర్‌లోని కిట్స్ బీచ్ మీద చేసిన శబ్ద రచనలో, రాళ్లనంటుకున్న బార్నకిల్స్ అనే చిన్న గుల్ల జీవుల సవ్వడి వెనక నగరం హోరు ఉంటుంది. స్టూడియోలో ఆ హోరు ఎలా తగ్గిస్తోందో ఆమె తన గొంతుతోనే చెబుతుంది. వినేవాళ్ల దగ్గర ఏదీ దాచదు. మీరూ పడవను రానివ్వండి, పోనివ్వండి.

చప్పుళ్లు పోగేయడం కంటే వాటి వరుస ముఖ్యం. మీరు నడిచిన వరుసే ఉంచండి: బురద, పడవ, తిరిగొచ్చే నీళ్లు. మీ రికార్డింగ్‌ను నలుగురికీ వినిపించే ప్రదర్శనలో చిన్న స్పీకర్లను నేల మీద పెట్టి, వచ్చినవాళ్లు ఆగి వంగితే తప్ప వినపడనంత సౌండ్ పెట్టండి.