ప్రోగ్రెసివ్ రాక్ గీతరచన – 4వ పాఠం: వాద్యం పట్టని సభ్యుడు

బాణీని విని, అందులోని భాగాలను గుర్తించి, ఏ భాగం ఎంతసేపు సాగుతుందో కాగితం మీద రాసుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని మాటలు ఎక్కడ ఉండాలో, ఎక్కడ అసలు ఉండకూడదో నిర్ణయించుకోవాలి.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే అనేక భాగాలతో సుదీర్ఘంగా సాగే పాటలు కట్టే రాక్ శైలి. ఆ శైలికి చెందిన ఇంగ్లండ్ బృందం కింగ్ క్రిమ్సన్. 1969 అక్టోబరులో వెలువడిన దాని తొలి ఆల్బమ్ అట్ట మీద, వాద్యకారుల సరసనే పీటర్ సిన్‌ఫీల్డ్ పేరు సభ్యుడిగా కనిపిస్తుంది. ఆయన పాటలు రాసేవాడు, వేదిక మీద దీపాలు నడిపేవాడు. అంతకు రెండేళ్ల ముందే ప్రోకల్ హారమ్ అనే మరో బృందంలో కీత్ రీడ్‌కు ఇలాంటి స్థానమే దక్కింది. వాయించే పని లేని రచయిత బృందంలో అందరికంటే ముందుగా శ్రోత అవుతాడు కనుక, సంగీతం చెప్పేసిన విషయాన్ని మాటల్లో మళ్లీ చెప్పకుండా ఉండడం అతడికి కొంత సులువని నా నమ్మకం.

ఆ ఆల్బమ్‌లోని మొదటి పాట, ‘ట్వంటీ ఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్’, ఏడు నిమిషాలకు పైగా సాగుతుంది. అయినా ఉన్నవి మూడే చరణాలు. ఒక్కొక్క దానిలో మూడు పొట్టి పాదాలు, వాటి వెనుక పాట పేరే నాలుగో పాదం. రెండో చరణం ముగిశాక శాక్సోఫోన్, గిటార్, డ్రమ్స్ చాలాసేపు పరుగెత్తిన తరువాత గాని మూడోది రాదు. వియత్నాం యుద్ధకాలపు భయాన్ని సిన్‌ఫీల్డ్ కథగా చెప్పక, ముళ్లతీగ, చితి, నాపామ్ (యుద్ధంలో వాడిన మండే జిగురు పదార్థం) మంట వంటి దృశ్యాలను పక్కపక్కన పేర్చి వదిలేశాడు. వాటిని కలిపే పనిని వాద్యాలే చేస్తాయి. మరుసటి ఏడు వచ్చిన ‘లిజార్డ్’ ఆల్బమ్‌లో ఆయన అలంకారాలు సంగీతానికి ఊపిరాడనివ్వలేదని నాకనిపిస్తుంది.

అదే తొలి ఆల్బమ్‌లో ‘ఎపిటాఫ్’ నెమ్మదిగా నడిచే పాట. దాని చివర బృందం గాయకుడు గ్రెగ్ లేక్ ఏడుపును సూచించే ఒకే ఒక్క మాటను సాగదీసి, మళ్లీ మళ్లీ పాడతాడు. తెలుగులో రాసేవారు ఇక్కడ జాగ్రత్త పడాలి: మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి గాని, ఆ అచ్చు చాలాసార్లు హ్రస్వమైన ఉకారం కావడం వల్ల, సాగదీస్తే గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. సాగే స్వరం కింద ఆ, ఈ, ఓ వంటి దీర్ఘాలు పడేలా పాదాన్ని తిప్పి రాసుకోవాలి. ద్విత్వాక్షరాలను వేగంగా నడిచే భాగాలకు దాచుకోవాలి.

రచయిత బృందంతో కలిసి తిరగాలన్న నియమం లేదు. రిచర్డ్ పామర్-జేమ్స్ 1973, 1974ల్లో జర్మనీలో ఉంటూనే కింగ్ క్రిమ్సన్‌కు పాటలు రాశాడు. రినైసాన్స్ బృందానికి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి బెట్టీ థాచర్ టపాలో పాటలు పంపేది. మైకేల్ డన్‌ఫర్డ్ బాణీల్లో ఆమె మాటలను యానీ హాస్లమ్ పాడేది. పక్కన నిలబడి వివరించే అవకాశం లేనప్పుడు ఉచ్చారణ, విరామం, భావం అన్నీ కాగితం మీదే తేలాలి.

అభ్యాసం: ఏడెనిమిది నిమిషాల వాద్య సంగీతాన్ని ఎంచుకుని, దానికి పన్నెండు పాదాలకు మించకుండా రాయండి. సంగీతంలో ముందే వినిపిస్తున్న భావాన్ని మళ్లీ చెప్పే పాదాలను కొట్టివేసి, మిగిలినవాటిని ఏ వివరణా ఇవ్వకుండా మరొకరిచేత పాడించి రికార్డు చేయండి. ఊపిరి తప్పిన చోట్లను, మాట అర్థంకాని చోట్లను గుర్తించి, ఆ పాదాలను మాత్రమే తిరగరాయండి. రెండు ప్రతులనూ భద్రపరచండి. ఆల్బమ్ మొత్తానికి ఒకే కథ అల్లే పనిని 5వ పాఠంలో వాటితోనే మొదలుపెడతాం.