స్మార్ట్ ప్లగ్ వైఫైకి కనెక్ట్ కావట్లేదా? రిటర్న్ పెట్టే ముందు ఇవి చూడండి

చలికాలం వస్తోందంటే పొద్దున్నే లేచి గీజర్ వేసే పని తప్పుతుందని ఫోన్‌లోంచే ఆన్ ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్ కొంటాం, తీరా పెట్టాక యాప్‌లో ఆ సున్నా తిరిగి తిరిగి ఫెయిల్డ్ అని వస్తది. నన్నడిగితే తేడా ప్లగ్‌లో కన్నా రౌటర్ సెట్టింగ్‌లోనో, ఫోన్‌లోనో ఉండడమే ఎక్కువ. బల్బైనా కెమెరా అయినా దాదాపు ఇదే వరస.

స్టెప్ 1: ముందు బ్యాండ్ చూడండి

ఇలాంటి వాటిల్లో ఉండే వైఫై చిప్ చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ) మాత్రమే పట్టుకుంటుంది, 5 గిగాహెర్ట్జ్ దానికి అసలు కనిపించదు. ఇప్పుడు ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే రౌటర్లేమో ఎక్కువగా డ్యుయల్ బ్యాండ్, అంటే రెండూ ఇస్తాయి, రెండిటికీ ఒకటే పేరు పెట్టి ఉంటుంది, దాంతో ఫోన్ 5లో కూర్చుని ప్లగ్ 2.4లో వెతుక్కుంటూ సెటప్ మధ్యలో ఆగిపోతుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొట్టండి, కరెక్ట్ అడ్రస్, లాగిన్ మామూలుగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ అని ఉంటే ఆపేసి, రెండు బ్యాండ్లకీ వేరే వేరే పేర్లు పెట్టి, ఫోన్‌ని 2.4 దానికి మార్చి మళ్లీ ట్రై చేయండి. లాగిన్ పనిచేయకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పేర్లు విడగొట్టమని అడగండి.

అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో రెండు చూసేయండి. సెక్యూరిటీ (వైఫైకి వేసే లాక్ రకం) డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి, పాత చిప్‌లకి 3 అర్థం కాదు. ఛానెల్ (బ్యాండ్‌లో సిగ్నల్ నడిచే లేన్ లాంటిది) ఆటోలో ఉంటే 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి, కొన్ని డివైస్‌లు 12, 13 ఛానెళ్లని చూడవు. పైగా కొండాపూర్, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో హాల్లో నిలబడితే పక్కింటోళ్ల వైఫైలే బోలెడు కనిపిస్తాయి కదా, తక్కువ రద్దీ ఉన్న ఛానెల్ అయితే మంచిది.

స్టెప్ 2: ఫోన్

మొబైల్ డేటా ఆపేయండి, వీపీఎన్ ఉంటే అదీ. ఎందుకంటే చాలా ప్లగ్‌లు సెటప్ టైమ్‌లో సొంతంగా చిన్న హాట్‌స్పాట్ వేస్తాయి, దాంట్లో నెట్ ఉండదు, ఫోనేమో తెలివిగా దాన్ని వదిలేసి డేటాకి దూకుతుంది. లొకేషన్ ఆన్ చేసి యాప్‌కి పర్మిషన్ ఇవ్వండి. బల్బుకి నా లొకేషన్ ఎందుకయ్యా అనిపిస్తది గానీ, ఆండ్రాయిడ్‌లో చుట్టుపక్కల వైఫైలు వెతకాలంటే మామూలుగా అది కావాలి. ఐఫోన్‌లో అయితే లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్.

స్టెప్ 3: పెయిరింగ్ మోడ్

అంటే ప్లగ్‌ని ఫోన్‌తో జతకట్టడానికి సిద్ధం చేయడం. ప్లగ్ మీద బటన్‌ని లైట్ టకటకా కొట్టుకునేదాకా, ఓ 5 నుంచి 10 సెకన్లు, నొక్కి పట్టుకోండి. బల్బుకి బటన్ ఉండదు కాబట్టి స్విచ్ వరుసగా ఆన్ ఆఫ్ చేయాలి, ఎన్నిసార్లో డబ్బాలో వచ్చిన కాగితంలో ఉంటుంది.

స్టెప్ 4: రౌటర్ దగ్గరికి తీసుకెళ్లండి

బాత్రూమ్ పక్క పాయింట్‌కీ హాల్లో రౌటర్‌కీ మధ్య రెండు మూడు గోడలుంటే సిగ్నల్ నీరసపడుతుంది. గీజర్ ప్లగ్ లావు పిన్నులది, మామూలు సాకెట్‌లో పట్టదు కాబట్టి రౌటర్‌కి దగ్గరున్న ఏసీ పాయింట్‌లో పెట్టి సెటప్ చేసి, తర్వాత దాని చోటుకి మార్చండి, సెట్టింగ్ పోదు. అక్కడికెళ్లాక ఆఫ్‌లైన్ అయితే రౌటర్ జరపాలి, లేదా సిగ్నల్‌ని దూరం దాకా పంపే ఎక్స్‌టెండర్ కావాలి. అన్నట్టు 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, 16 ఆంప్స్ ప్లగ్ తప్ప వేరేది వాడొద్దు.

మొన్నటిదాకా పనిచేసి ఇప్పుడు ఆగిందా?

కరెంట్ పోయి వచ్చాక ప్లగ్ ముందే లేస్తుంది, రౌటర్‌కి కాస్త టైమ్ పడుతుంది, నెట్ వచ్చాక ప్లగ్‌ని ఒకసారి ఆపి వేయండి చాలు. కనెక్షన్ మారి కొత్త రౌటర్ వచ్చిందంటే దానికి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే అక్షరం తేడా లేకుండా పెట్టేయండి, మామూలుగా ఇంట్లో డివైస్‌లన్నీ వాటంతట అవే ఎక్కేస్తాయి, ఒక్కోదాన్ని రీసెట్ చేసే తిప్పలుండదు.

ఇవన్నీ చేసినా కాకపోతే ఇంట్లో ఇంకో ఫోన్‌లో హాట్‌స్పాట్ 2.4లో పెట్టి దానికి కనెక్ట్ చేసి చూడండి. ఎక్కిందంటే తేడా మీ రౌటర్‌దే. దానికీ ఎక్కకపోతే అప్పుడు రిటర్న్ పెట్టండి, అందాకా డబ్బా పారేయకండి.