పాత షూస్ పంపే ముందు

ముంబైలో గ్రీన్‌సోల్ అని ఒక కంపెనీ ఉంది. శ్రియాన్స్ భండారీ, రమేశ్ ధామీ అనే ఇద్దరు రన్నర్లు పెట్టారు. పాత స్పోర్ట్స్ షూస్‌ని చెప్పులుగా మార్చి, ఉత్తకాళ్లతో తిరిగే పిల్లలకు ఇస్తారు.

మావాడి షూస్ పంపాలంటే ముందు లేసులు విప్పేస్తాను. అడుగున గాడుల్లో ఇరుక్కున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో గీకి, సబ్బునీళ్లతో కడుగుతాను. ఆరబెట్టడమే అసలు పని. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి నీడలో పెట్టండి. మండుటెండలో గమ్ము ఊడుతుంది. ఒకసారి తొందరపడి తడివే మూటకట్టాను. నాలుగు రోజులకు విప్పితే బూజు, ఒకటే కంపు! మావారు ఇప్పటికీ నవ్వుతారు.

పైన కాస్త చిరిగినా ఫర్వాలేదు. అడుగు విరిగినవి మాత్రం వద్దు. జత విడిపోకుండా ఆ లేసులతోనే కట్టి, వాళ్ల వెబ్‌సైట్‌లో అడ్రస్ చూసుకుని కొరియర్ చేయండి.