మూసివేసిన వీధిని స్కేట్ పార్కుగా మార్చడం ఎలా?

వాహనాల రాకపోకలు నిలిపివేసిన వీధిని స్కేట్ పార్కుగా మార్చాలన్న ఆలోచన రాగానే చాలామంది ముందుగా గుత్తేదారును పిలిచి ర్యాంపులకు ఎంత ఖర్చవుతుందో అడుగుతారు. నా దృష్టిలో అది చివర చేయవలసిన పని. స్కేట్‌బోర్డింగ్‌లో ‘స్ట్రీట్’ అని పిలిచే విభాగమంతా కాలిబాట అంచులు, మెట్లు, చేతిపట్టు కడ్డీలు, వాలు గోడల మీదనే పెరిగింది. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో ఈ క్రీడ తొలిసారి చోటు సంపాదించినప్పుడు, పోటీల్లో ఒక విభాగాన్ని వీధిని అనుకరిస్తూ కట్టిన ప్రాంగణంలోనే నిర్వహించారు. క్రీడాప్రాంగణాలు వీధిని అనుకరిస్తుంటే, అసలు వీధే చేతికందిన వారికి సగం పార్కు ముందే సిద్ధంగా ఉన్నట్టు. ఆ సగాన్ని గుర్తించి, కాపాడి, లోటున్న చోట మాత్రమే కొత్తది చేర్చడమే ఇక్కడి పద్ధతి.

మొదట తేల్చుకోవలసినది అనుమతి

వీధిని ఎందుకు మూశారో, ఎంతకాలం మూశారో తెలుసుకోండి. మరమ్మతుల కోసం కొన్ని నెలలు మూసిన వీధి వేరు, శాశ్వతంగా పాదచారులకు వదిలిన వీధి వేరు, వారంలో కొన్ని గంటలు మాత్రమే మూసే వీధి వేరు. మూడవ రకంలో ప్రతిసారీ తెచ్చి తీసుకువెళ్లగల వస్తువులే పనికివస్తాయి. నేల ఎవరి అధీనంలో ఉందో, దాని కింద మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, విద్యుత్ తీగలు, గ్యాస్ గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటాలను పురపాలక సంస్థ నుంచి అడిగి తీసుకోవాలి. గొట్టం మీద కాంక్రీటు పోస్తే, రేపు అది పగిలిన రోజున పార్కునే పగలగొట్టవలసి వస్తుంది.

దరఖాస్తులో ‘మాకు స్కేట్ పార్కు కావాలి’ అని రాయడం కన్నా, తొలగించడానికి వీలైన సామగ్రితో కొన్ని నెలల ప్రయోగానికి అనుమతి కోరడం మేలు. తిరిగి సరిదిద్దుకోగల నిర్ణయానికి అధికారులు సులభంగా ఒప్పుకుంటారు. అగ్నిమాపక వాహనం, అంబులెన్సు వెళ్లడానికి ఎంత వెడల్పు ఖాళీగా వదలాలో ఆ విభాగం నుంచే రాతపూర్వకంగా తీసుకుని, ఆ దారిని నేల మీద రంగుతో గీయించండి.

ఈ విషయంలో రెండు నగరాల అనుభవాలు గుర్తుంచుకోదగినవి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ వంతెన కింద 1990లో స్కేటర్లు ఎవరి అనుమతీ లేకుండా తామే కాంక్రీటు పోసి పార్కు కట్టుకున్నారు. నగరం తరువాత దానిని అంగీకరించింది. ఆ పట్టుదల మీద నాకెంతో గౌరవం ఉంది, కానీ కింద గొట్టాలు, పక్కన ఇళ్లు ఉన్న వీధికి ఆ దారి నప్పదు. లండన్‌లోని సౌత్‌బ్యాంక్‌లో స్కేటర్లు దశాబ్దాలుగా వాడుకుంటున్న చోటును తీసుకుని, బదులుగా దగ్గరలో మరో చోటు ఇస్తామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు వారు గట్టిగా వ్యతిరేకించారు. చివరకు 2014లో ఆ స్థలాన్ని వారికే ఉంచే ఒప్పందం కుదిరింది. అలవాటైన చోటుకు ఉన్న విలువ కొత్త కట్టడానికి రాదని దీనివల్ల తెలుస్తుంది. అందువల్ల మీ నగరంలో స్కేటర్లు ఇప్పటికే ఏ వీధికి వెళుతున్నారో చూసి, వీలైతే దానినే అడగండి.

సుద్దముక్కతో వీధి పరిశీలన

అనుభవమున్న ఒక స్కేటరును, ఇప్పుడే నేర్చుకుంటున్న మరొకరిని వెంటబెట్టుకుని వీధి పొడవునా నడవండి. స్ట్రీట్ స్కేటింగుకు వాడే చక్రాల వ్యాసం సుమారు 50 నుంచి 56 మిల్లీమీటర్లే కాబట్టి, కారు గుర్తించని చిన్న గులకరాయి కూడా బోర్డును ఉన్నచోటే ఆపేసి మనిషిని ముందుకు విసిరేస్తుంది. పగుళ్లు, పైకి లేచిన అతుకులు, కుంగిన మ్యాన్‌హోల్ మూతలు, అన్నిటినీ సుద్దతో గుర్తించండి. వాననీటి జాలీల కడ్డీలు బోర్డు కదిలే దిశలోనే ఉంటే చక్రం వాటి మధ్య ఇరుక్కుంటుంది. జాలీని తిప్పి బిగించడమో, సన్నని రంధ్రాల మూత వేయించడమో తప్పనిసరి.

నీటి సంగతి మరీ ముఖ్యం. నీరు పక్కలకు జారాలని రోడ్లను మధ్యలో కాస్త ఎత్తుగా, దాదాపు 2 శాతం వాలుతో వేస్తారు. ఆ నీరంతా కాలిబాట అంచు వెంట పారుతుంది. స్కేటర్లకు అత్యంత ఇష్టమైన స్థలం కూడా ఆ అంచే కావడంతో, తెలియనివారు అక్కడే దిమ్మెలు పెట్టి నీటి దారిని మూసేస్తారు. మంచి వాన పడ్డ రోజున వెళ్లి నీరు ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో ఫొటోలు తీసుకోండి. ఆ దారికి కనీసం ఒక అడుగు ఖాళీ వదిలాకే మిగతా ఆలోచన.

వీధి పొడవునా వాలు ఉంటే కింది చివర వేగం పెరుగుతుంది కనుక అక్కడ ఏ అడ్డంకీ పెట్టకుండా విశాలమైన చదును వదలాలి. వాహనాలు తిరిగే రోడ్డు వైపు ఉన్న చివర, మనిషిని ఆపే స్తంభాలు మాత్రమే సరిపోవు. జారిపోయిన బోర్డును ఆపేందుకు నేలకు ఆనుకుని ఒక పొట్టి గట్టు కూడా ఉండాలి. మనిషి పడిపోయినా బోర్డు ఒంటరిగా ఎంతో దూరం దూసుకుపోతుంది, దాని వెనుక పిల్లలు పరుగెడతారు.

ఇరుగుపొరుగుతో మాట్లాడటం

వీధిలో నివసించేవారి, వ్యాపారం చేసేవారి అభ్యంతరం ఎక్కువగా శబ్దం గురించే ఉంటుంది, అది న్యాయమైనదే. బోర్డు తోక నేలకు కొట్టినప్పుడు, బోర్డు కింద చక్రాలను పట్టి ఉంచే లోహపు ఇరుసు (ట్రక్కు) కడ్డీని తాకినప్పుడు వచ్చే చప్పుడు ట్రాఫిక్ రొదలా ఒకే తీరున ఉండదు, ఉన్నట్టుండి చెవిని తాకుతుంది. లోపల డొల్లగా ఉన్న ప్లైవుడ్ ర్యాంపు డప్పులా మోగుతుంది. గట్టి కాంక్రీటు దిమ్మె అంతగా మోగదు. ఇనుప పెట్టెల్లో ఇసుక నింపితే తేడా వెంటనే తెలుస్తుంది. దూకే అడ్డంకులను పడకగదుల కిటికీలకు దూరంగా, గోడలు మాత్రమే ఉన్న భాగంలో పెట్టి, రాత్రి ఎన్నింటికి ఆట ఆగాలో వారి సమక్షంలోనే నిర్ణయించండి. చెత్త బండి, సరుకుల బండి ఎప్పుడు వస్తాయో కూడా ఇంటింటికీ వెళ్లి అడగండి.

వీధి స్కేటర్లది మాత్రమే అనిపిస్తే ఎక్కువ కాలం నిలవదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యునైటెడ్ నేషన్స్ ప్లాజాలో 2023లో స్కేటింగ్ దిమ్మెలతో పాటు చదరంగం బల్లలు, టేబుల్ టెన్నిస్ బల్లలు కూడా పెట్టారు. అలాగే మీరూ అంచుల్లో కూర్చునే చోటు, నీడ, తాగునీరు ఏర్పాటు చేస్తే మనవళ్లను తీసుకొచ్చిన పెద్దలు కూడా అక్కడ కాసేపు ఆగుతారు.

తాత్కాలిక సామగ్రితో ప్రయోగం

ఇక్కడ తొందరపడకండి. నాలుగైదు వస్తువులు చాలు: 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తుగల లెడ్జి, అంటే అంచు మీద జారడానికి వీలైన దిమ్మె ఒకటి, దాదాపు అడుగు ఎత్తున్న చదును రెయిలు, అంటే బోర్డుతో జారే ఇనుప కడ్డీ ఒకటి, జానెడు ఎత్తున్న వెడల్పాటి వేదిక, చిన్న వాలు బల్ల. ప్రతి అడ్డంకికి ముందు వేగం అందుకోవడానికి 8 నుంచి 10 మీటర్లు, తరువాత నిలదొక్కుకోవడానికి 6 మీటర్ల వరకు ఖాళీ ఉండాలి. వీధి ఇరుకు కనుక అడ్డంకులన్నీ పొడవు దిశలోనే వరుస కట్టాలి, అడ్డంగా ఎవరూ దూసుకు రాకూడదు. నేర్చుకునేవారికి ప్రవేశం దగ్గర, ప్రధాన వరుసకు పక్కగా ఒక మూల కేటాయించండి. కొత్తవారు, ముఖ్యంగా అమ్మాయిలు, మళ్లీ రావడం ఆ మూల మీదే ఆధారపడి ఉంటుంది.

తారు రోడ్డు ఎండకు మెత్తబడి బరువైన ఇనుప వస్తువుల కాళ్లను లోనికి దిగనిస్తుంది. వాటి కింద వెడల్పాటి పలకలు వేయండి.

తరువాత రెండు మూడు నెలలు గమనించడమే పని. బోర్డు సులభంగా జారాలని స్కేటర్లు దిమ్మె అంచుకు మైనం రాస్తారు; నల్లబడిన ఆ పూత ఎక్కడుందో చూస్తే దానిని ఎటు నుంచి వాడుతున్నారో తెలిసిపోతుంది. దుమ్ము పేరుకున్న వస్తువు చోటు తప్పిందని అర్థం. మార్చి పెట్టి మళ్లీ చూడండి. కాగితం మీద నెలల తరబడి గీసిన పటం కన్నా ఈ ఆనవాళ్లు నమ్మదగినవి.

శాశ్వత నిర్మాణం

ఇప్పుడు గుత్తేదారును పిలవవచ్చు. అయితే రోడ్లు వేసేవారికి స్కేటింగ్ వంపుల లెక్క తెలియదు. క్వార్టర్ పైప్ అనే వంపు ర్యాంపు ఏటవాలు బల్ల కాదు, వృత్తంలో ఒక ముక్క. ఆ వృత్తపు వ్యాసార్ధం తప్పితే ర్యాంపు మొత్తం నిరుపయోగమవుతుంది. స్కేట్ పార్కులు కట్టిన అనుభవమున్న మనిషి పర్యవేక్షణ తప్పక ఉండాలి. ఐరోపాలో అమలులో ఉన్న ఈఎన్ 14974 వంటి భద్రతా ప్రమాణాన్ని ఒప్పందంలోనే పేర్కొనండి.

వీధంతా కాంక్రీటు పోయనవసరం లేదు. అడ్డంకులకు ముందూ వెనుకా మాత్రం 10 నుంచి 15 సెంటీమీటర్ల మందంతో, లోపల ఇనుప జాలీతో పలక పోసి, పవర్ ట్రోవెల్ అనే తాపీ యంత్రంతో నునుపు చేయిస్తే సరిపోతుంది. కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకూడదు. లెక్కగట్టిన బలం 28 రోజులకు వస్తుంది కనుక అంతవరకు కంచె తీయకండి. అతుకులను సన్నగా కోయించి గట్టిపడే పూరకంతో నింపించాలి. లెడ్జి అంచులకు బిగించే ఇనుప కోణాలను కాంక్రీటు పోసే సమయంలోనే లోపల పాతించాలి, తరువాత మేకులతో కొట్టినవి ఊడివస్తాయి. వెల్డింగు చేసిన ప్రతి చివరనూ చేత్తో తడిమి చూసి, గరుకు తగిలితే మళ్లీ అరగదీయించండి. దీపాలు ఒకే వైపు ఉంటే మనిషి నీడే అడ్డంకిని కప్పేస్తుంది, కాబట్టి రెండు వైపులా ఉండాలి.

నిర్వహణ

ప్రారంభానికి ముందే నిర్వహణ బాధ్యతను పేర్లతో సహా రాసుకోండి. ఊడ్చే పనిని నగర సిబ్బందికి వదిలేయకుండా ఒక చీపురును పార్కులోనే తగిలించి ఉంచితే ఆట మొదలుపెట్టే ముందు స్కేటర్లే ఊడ్చుకుంటారు. నెలకోసారి రెయిళ్ల బోల్టులు, వెల్డింగులు, జాలీలు పరిశీలించాలి. కొత్త పగులు కనబడితే వెంటనే పూడ్చాలి. విరిగిన వస్తువు చుట్టూ అదే రోజున తాడు కట్టగల అధికారం అక్కడికి రోజూ వచ్చే ఒకరిద్దరికి రాతపూర్వకంగా ఇవ్వాలి.