ఫిట్ బాగుంది, పరామితులే బాగాలేవు: ఎంజైమ్ గతి నమూనాల్లో సమస్య - పరిష్కారం

లక్షణం

కొలిచిన బిందువుల మీదుగా వక్రరేఖ చక్కగానే సాగుతుంది. అయినా అంచనాకు వచ్చిన వీమాక్స్ (ఎంజైమ్ అందుకోగల గరిష్ఠ రేటు), కేఎం (రేటు అందులో సగానికి చేరే గాఢత) విలువల్లో కొన్ని మనం ఇచ్చిన హద్దులకు అతుక్కుపోతాయి. లేదా ఉత్పన్నం (చర్యలో తయారయ్యే పదార్థం) పేరుకున్న స్థితికి నమూనాను తీసుకువెళ్లగానే చర్య వెళ్లకూడని దిశలో నడుస్తుంది.

ముందు చూడవలసినవి

ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి తెచ్చిన రైతు బస్తా ఎక్కించే ముందు కాంటా సున్నా మీద ఉందో లేదో చూసుకుంటాడు. హన్మకొండలో నా దగ్గరికి నమూనాలు పట్టుకొచ్చే పరిశోధక విద్యార్థులు ఆ మాత్రం పని కూడా చేయరు. ఎంజైముల సమాచారం దాచే బ్రెండా డేటాబేసు కేఎంను మిల్లీమోలార్లలో ఇస్తుంది. మీ నమూనా మైక్రోమోలార్లలో ఉంటే తేడా వెయ్యి రెట్లు. ఆ విలువను ఏ జీవి ఎంజైముతో, ఏ పీహెచ్ వద్ద, ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచారో చదవండి. ప్రయర్‌ను (కొలతలకు ముందే విలువపై మనకున్న అంచనాను) లాగరిథమ్ స్కేలు మీదే పెట్టండి, ఎందుకంటే కేఎం రుణాత్మకం కాదు, దాని అనిశ్చితి రెట్లలోనే ఉంటుంది.

నన్ను ముంచిన కారణం

రెండు దిశల్లోనూ నడిచే ద్విగత చర్యకు నాలుగు పరామితులు ఉంటాయి: ముందుకు, వెనక్కు రెండు వీమాక్సులు, అధస్థ పదార్థానికి (ఎంజైమ్ మార్చే పదార్థం), ఉత్పన్నానికి రెండు కేఎంలు. నాలుగింటికీ నాలుగు చోట్ల నుంచి ప్రయర్‌లు తెచ్చి, వాటిని ఒకదానితో ఒకటికి సంబంధం లేనట్టు వదిలేయడమే అసలు తప్పు. చివరి ఏళ్లు మన దేశంలోనే గడిపిన జె.బి.ఎస్. హాల్డేన్ పేరుతో ఉన్న సంబంధం ప్రకారం, ముందు వీమాక్సును ఉత్పన్నపు కేఎంతో గుణించి, వెనుక వీమాక్సు, అధస్థ పదార్థపు కేఎంల లబ్ధంతో భాగిస్తే సమతాస్థితి స్థిరాంకమే (చర్య నిలకడకు వచ్చినప్పుడు అధస్థ పదార్థంతో పోలిస్తే ఉత్పన్నపు గాఢత నిష్పత్తి) రావాలి.

ఎంజైముల్లో ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్‌నే తీసుకోండి. అది ఒకదాన్నొకటిగా మార్చే రెండు పదార్థాల్లో, సమతాస్థితిలో దాదాపు 96 శాతం డైహైడ్రాక్సీ అసిటోన్ ఫాస్ఫేట్, 4 శాతం గ్లిసరాల్డిహైడ్ 3-ఫాస్ఫేట్ ఉంటాయి. అంటే మొదటిదాని నుంచి రెండోదాని వైపు స్థిరాంకం సుమారు 0.04. నాలుగు పరామితులూ మూడేసి రెట్లు తప్పి, ఆ తప్పులన్నీ ఒకే వైపుకు కలిస్తే స్థిరాంకం 81 రెట్లు మారుతుంది. 25 డిగ్రీల వద్ద అది మోల్‌కు దాదాపు 11 కిలోజౌళ్ల శక్తిని గాలిలోంచి పుట్టించడంతో సమానం. ఉత్పన్నం లేకుండా తీసిన ప్రారంభ రేట్లు వెనుక దిశ గురించి ఏమీ చెప్పవు కాబట్టి ఫిట్‌లో ఈ లోపం బయటపడదు. నేనైతే సమీకరణాలను పరిష్కరించే సాల్వర్‌ను అనుమానిస్తూ మూడు వారాలు పోగొట్టుకున్నాను.

పరీక్ష సులువు: గాఢతలను సమతాస్థితి నిష్పత్తిలో పెట్టి నికర రేటు చూడండి. సున్నా రాకపోతే కారణం ఇదే.

పరిష్కారం

నాలుగింటినీ అంచనా వేయకండి. ముందు వీమాక్సు, రెండు కేఎంలు, సమతాస్థితి స్థిరాంకం స్వతంత్రంగా ఉండనిచ్చి, వెనుక వీమాక్సును వాటి నుంచి లెక్కగట్టండి. స్థిరాంకానికి గిబ్స్ శక్తి (చర్య ఏ దిశలో ఎంతవరకు నడుస్తుందో నిర్ణయించే శక్తి తేడా) నుంచి వచ్చిన ఇరుకైన ప్రయర్ ఇవ్వండి, కానీ అది మీ ప్రయోగపు పీహెచ్‌కు సంబంధించినదై ఉండాలి. 25 డిగ్రీల వద్ద మోల్‌కు 5.7 కిలోజౌళ్ల పొరపాటు పది రెట్ల తేడా తెస్తుంది. మార్గంలో చర్యలు చక్రంగా తిరిగి మొదటికే వస్తే స్థిరాంకాల లబ్ధం ఒకటి కావాలి. చర్యలకు బదులు ప్రతి పదార్థపు ఏర్పడే శక్తిని పరామితిగా తీసుకుంటే ఆ షరతు దానంతటదే తీరుతుంది.

అరుదైనవి

సాల్వర్ సహన పరిమితి, స్థానిక కనిష్ఠాలు (ఫిట్ ఇంకా మెరుగైన చోటికి చేరకుండా మధ్యలో ఆగిపోయే చోట్లు) చివరికి చూడండి. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు మార్చే అణువుల సంఖ్య అయిన కేక్యాట్‌ను కేఎంతో భాగిస్తే సెకనుకు, మోలార్‌కు వంద కోట్లు దాటితే యూనిట్ల దగ్గరికే తిరిగి వెళ్లండి.

ఇంత చేశాక కూడా ఉత్పన్నపు కేఎం అంచనా మీరిచ్చిన ప్రయర్‌లాగే కదలకుండా ఉంటే, అందులో కోడు తప్పేమీ లేదు. ఉత్పన్నాన్ని ముందే కలిపి ఒక ప్రయోగం తీయించండి.