ఉబుంటులో నెట్‌వర్క్ ప్రింటర్: ముందు ఐపీ, తర్వాతే మిగతావి

ప్రింటర్ నిన్న పనిచేసి ఇవాళ మొరాయించిందంటే చాలాసార్లు కారణం ఒకటే: రౌటర్ దానికి కొత్త ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇచ్చింది. అందుకే ముందు రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే సదుపాయం) కింద ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే ఆ పరికరానికే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యకి, ఒక ఐపీ కేటాయించండి, ఉదాహరణకు 192.168.1.50. ప్రింటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, టెర్మినల్‌లో ping అని, పక్కన ఆ ఐపీ కొట్టండి; ప్రింటర్ జవాబిస్తుందో లేదో తెలుస్తుంది. జవాబు రాకపోతే డ్రైవర్ల జోలికి పోకండి, తప్పు నెట్‌వర్క్‌లోనే ఉంది. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. అక్కడ సాధారణంగా పరికరాలు ఒకదానికొకటి కనిపించవు.

ఇక బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి, కోలన్ పెట్టి 631 చేర్చండి. ఉబుంటులో ప్రింటింగ్ చూసుకునే కప్స్ (CUPS) సాఫ్ట్‌వేర్ పేజీ తెరుచుకుంటుంది. అడ్మినిస్ట్రేషన్‌లో యాడ్ ప్రింటర్ నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. సరైనదే ఇచ్చినా ఒప్పుకోకపోతే మీ యూజర్‌ని ప్రింటర్లు మార్చే అనుమతి ఉన్న ఎల్‌పీఅడ్మిన్ (lpadmin) గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ రండి.

జాబితాలో ప్రింటర్ కనిపిస్తే అదే ఎంచుకోండి. లేకపోతే ఐపీపీ (IPP, నెట్‌వర్క్‌లో ప్రింటర్‌తో మాట్లాడే పద్ధతి) ఎంచుకుని అడ్రస్ చేత్తో రాయాలి: ఐపీపీ, కోలన్, రెండు స్లాష్‌లు, ప్రింటర్ ఐపీ, స్లాష్, ఐపీపీ, స్లాష్, ప్రింట్. మోడల్ దగ్గర 'ఐపీపీ ఎవ్రీవేర్' చాలు. ఎయిర్‌ప్రింట్ (ఆపిల్ వాళ్ల డ్రైవర్ అక్కర్లేని ప్రింటింగ్ పద్ధతి) ఉన్న ప్రింటర్లకు వేరే డ్రైవర్ వెతకడం దండగ. పాత లేజర్ ప్రింటర్లయితే చాలాసార్లు ఐపీపీ బదులు 9100 పోర్టు, ఆ మోడల్‌కి సరిపడే డ్రైవర్ వాడాల్సి వస్తుంది.

టెస్ట్ పేజీకి ముందు పేపర్ సైజు చూడండి. లెటర్ అని ఉంటే ఏ4కి మార్చాలి, లేదంటే కాగితం ట్రేలో ఉన్నా కొన్ని ప్రింటర్లు 'కాగితం పెట్టండి' అంటూ కూర్చుంటాయి. క్యూ 'పాజ్డ్' అని చూపిస్తే రెజ్యూమ్ ప్రింటర్ నొక్కండి.